ఉప్పుగాలిలో ఉక్కు పిస్తోలు

విశాఖ ఉప్పుగాలి బాల్కనీ ఊచలనే ఏడాది తిరక్కుండా తుప్పు పట్టిస్తుంది. అదే గాలిలో పోలీసు ఆయుధాలను చూసుకునే ఆర్మరర్ చేతిలో పాత ఉక్కు పిస్తోలు మచ్చ లేకుండా మెరుస్తుంటే ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ పిస్తోలు పేరు 9 ఎంఎం 1ఏ, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. బ్రౌనింగ్ హైపవర్ దాని మూలరూపం. శుభ్రం చేసేటప్పుడు ఆర్మరర్ ముందు మ్యాగజైన్ తీస్తాడు. స్లయిడ్ వెనక్కి లాగి ఛాంబర్‌ను కంటితో చూస్తాడు, వేలితో తడుముతాడు. ఎన్నేళ్ల అనుభవమున్నా ఈ రెండూ తప్పవు. విప్పడం ఆ తర్వాతే. బ్యారెల్‌లో దూర్చిన గుడ్డ నల్లగా వస్తే మరొకటి, అదీ నలుపైతే ఇంకొకటి, తెల్లగా వచ్చేదాకా. ఆపైన పల్చటి నూనె పూత: ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుంది, తక్కువైతే తేమ గెలుస్తుంది. చేతి చెమటా ఉప్పే కదా, అందుకే చివర్లో తన వేలిముద్రలు కూడా తుడిచి ర్యాకులో పెడతాడు. రాత్రి బందోబస్తుకు దాన్ని నడుముకు కట్టుకుని వెళ్లే ఎస్సైకి ఆ శుభ్రత మీది నమ్మకమే పెద్ద ఆస్తి. ఈ పిస్తోలుకు మూలమైన హైపవర్‌ను 2022లో దాని తయారీదారు ఎఫ్ఎన్ సంస్థ కొత్తగా రూపొందించింది. మ్యాగజైన్‌లో 13 తూటాల చోట 17 పడతాయి. మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్‌ను ఆపేసే పాత ఏర్పాటు పోయింది, మీటలు ఎడమచేతివాటం వారికీ అందుతాయి. సౌకర్యంలో కొత్తదే మేలు. ఒద్దికైన రూపులో నా ఓటు పాతదానికే. దసరా ఆయుధపూజలో వరసగా పేర్చిన పిస్తోళ్లు మీ కంటపడితే, వాటిని తుడిచిన ఆర్మరర్‌ను ఒక్కసారి పలకరించండి.