ఆరుగురు కలిసి పూర్తి చేసిన పుస్తకం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే చోట ఏదో ఒక బిట్ బ్యాంక్ తీసి తిరగేస్తే చాకలి ఐలమ్మ కనిపిస్తుంది. ఏ ఊరు? పాలకుర్తి. ఎవరికి ఎదురు తిరిగింది? విస్నూరు దేశ్‌ముఖ్‌కు. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం మీద ఒక పేపరే ఉంది కాబట్టి ఈ జవాబులు ఇప్పుడు వేలమందికి కంఠతా వచ్చు. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి కూడా ఆమె పేరే పెట్టారు. ఇదంతా మంచిదే. అయితే ఐలమ్మ తన సంగతి తానే చెప్పుకుందనీ, ఆ మాటలు నలభై ఏళ్ల కిందటే అచ్చయ్యాయనీ ఈ బిట్లు బట్టీ పట్టే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ పుస్తకం పేరు ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవిత కథనాలు ఇందులో ఉన్నాయి. 1986లో హైదరాబాద్‌లో వెలువడింది. రచయిత పేరు ఉండాల్సిన చోట ‘స్త్రీశక్తి సంఘటన’ అని ఉంటుంది.

ఆ పేరు వెనక ఉన్నది ఆరుగురు: కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న. ఒకరు విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చారు, ఇంకొకరు డాక్టరు, పోషకాహార పరిశోధకురాలు. ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాళ్లున్నారు, రాజనీతి శాస్త్రం చెప్పేవాళ్లున్నారు. ఇంట్లో మాట్లాడే భాషలూ అందరివీ ఒకటి కావు. ఇలాంటి ఆరుగురు కలిసి ఒక వ్యాసం రాయడమే కష్టం. ఊళ్లు తిరిగి, టేపులు నింపుకొచ్చి, అవి విని, రాసి, తేల్చుకుని, అచ్చుదాకా తెచ్చారు. తెలుగులో కలిసి రాసిన పుస్తకాలు మనకు లేకపోలేదు. కానీ కలిసి రాయడం అనే పనిని ఇంత శ్రద్ధగా చేసిన పుస్తకం నాకు ఇంకోటి కనబడలేదు. ఆ పనితనం గురించే ఈ పరిచయం.

ఇద్దరు ముగ్గురు కలిసి రాసే పుస్తకాలు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతాయి. అధ్యాయాలు పంచుకుంటే అతుకులు కనిపిస్తాయి. ఈ పేజీ రాసినవారు ఆ పేజీ రాయలేదని పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది. లేదంటే ఒకరు రాస్తారు, మిగతావాళ్లు పేర్లిస్తారు. ఈ పుస్తకం ముందుమాటలోనూ చివరి వ్యాసంలోనూ వినిపించే ‘మేము’ ఈ రెండు రకాలకూ చెందదు. ఏ పేరా ఎవరిదో పోల్చుకోవడం నావల్ల కాలేదు. ప్రతి వాక్యం అందరి కళ్ల ముందూ నిలబడి, అందరి అభ్యంతరాలూ విని, అప్పుడు కాగితం మీదికి వచ్చిందనిపిస్తుంది. అయితే రాసినవాళ్లు ఇంతగా ఒకటైపోయిన పుస్తకంలో, మాట్లాడినవాళ్లు మాత్రం ఒక్కరు కూడా ఒకరిలో ఒకరు కలిసిపోలేదు. ఐలమ్మ ఐలమ్మలాగే మాట్లాడుతుంది, మరో కథకురాలు బ్రిజ్‌రాణి బ్రిజ్‌రాణిలాగే మాట్లాడుతుంది. ఈ పుస్తకంలో నేను అన్నిటికన్నా గౌరవించేది దీన్నే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన సాగిన సాయుధ పోరాటం గురించి నాయకులు రాసిన పుస్తకాలు చాలానే వచ్చాయి. పుచ్చలపల్లి సుందరయ్య గారి బృహద్గ్రంథం 1972లో వచ్చింది. అందులో స్త్రీల గురించి ఒక అధ్యాయం ఉంది, అది శ్రద్ధగా రాసిందే. కానీ అధ్యాయంగా ఉండటం వేరు, తన గొంతుతో మాట్లాడటం వేరు. 1978లో పోలీసుల చేతిలో రమీజాబీపై జరిగిన అత్యాచారంతో హైదరాబాద్ అట్టుడికింది. స్త్రీశక్తి సంఘటన పుట్టింది ఆ ఏడాదే. వీధిలో పోరాడుతున్న ఆ యువతులు తమకు ముందు ఈ నేల మీద నడిచిన ఆడవాళ్లెవరో వెతుక్కుంటూ బయల్దేరారు. అప్పటికి పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు కావస్తోంది. అప్పటి పదహారేళ్ల పిల్లలు నడివయసు దాటారు. ఐలమ్మ ఎనభైల్లో ఉంది.

పని ఎలా చేశారో పుస్తకమే చెబుతుంది. వెళ్లినవాళ్ల మనసులో వీరగాథలుండేవి. తుపాకీ ఎప్పుడు పట్టారు, దళంలో ఏం చేశారు, పోలీసులను ఎలా తప్పించుకున్నారు అని అడగాలని వెళ్లారు. చెప్పేవాళ్లు అవీ చెప్పారు. కానీ మధ్యలో చిన్నప్పటి ఆకలి, పెళ్లి, పుట్టి పోయిన పిల్లలు, దాక్కున్న ఇంట్లో వండిపెట్టిన వంట, తోటి కామ్రేడ్ అన్న మాట కూడా వచ్చాయి. తొందరలో ఉన్న చరిత్రకారుడైతే వీటిని పక్కదారి పట్టిన కబుర్లుగా లెక్కేసి టేపు ఆపేసేవాడు. వీళ్లు ఆపలేదు. ఆ కబుర్లే చరిత్ర అని పని చేస్తూ చేస్తూ తెలుసుకున్నారు, ఆ తెలుసుకోవడాన్ని కూడా దాచకుండా రాశారు.

కమలమ్మ కథనం దగ్గర కాసేపు ఆగాలి. దొరల ఇళ్లలో తరతరాలుగా కట్టుబానిసలుగా బతికిన కుటుంబం ఆమెది. పోరాటంలోకి వచ్చింది, అడవిలో బిడ్డను కంది. బిడ్డ ఏడిస్తే దళం ఆచూకీ బయటపడుతుంది. అందుకని ఆ పసిగుడ్డును వేరేవాళ్ల చేతిలో పెట్టి మళ్లీ అడవిలోకి వెళ్లిపోవలసి వచ్చింది. దీన్ని త్యాగం అని ఒక్క మాటలో చెప్పేసి ముందుకు పోవడం సులువు, చాలా పుస్తకాలు చేసింది అదే. ఇక్కడ ఆ మాట ఆమె దుఃఖాన్ని కప్పేయలేదు. పార్టీ మీద గౌరవం, బిడ్డ మీద తీపి, తాను చేసింది సరే అన్న నమ్మకం, సరి కాదేమో అన్న బాధ అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వాటి మధ్య రాజీ కుదర్చడానికి ఆరుగురిలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ చెయ్యి పెట్టకపోవడం ఎంత కష్టమో ఇంటర్వ్యూలు సంస్కరించినవాళ్లకు తెలుస్తుంది. విన్నది గుండెల్ని పిండేస్తుంటే, ఒక్క వాక్యమైనా సొంతంగా చేర్చి ముగింపు ఇవ్వాలనిపిస్తుంది.

భాష సంగతి చూడండి. 1986 నాటికి అచ్చు తెలుగు అంటే దాదాపుగా కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగే. ప్రూఫులు దిద్దేవాళ్ల అలవాటు ప్రకారం ‘నేను పోయిన’ అన్నది ‘నేను వెళ్లాను’ అయిపోవాలి. ఈ పుస్తకంలో పాలకుర్తి పాలకుర్తిలాగే, కృష్ణా జిల్లా కృష్ణా జిల్లాలాగే మాట్లాడతాయి. బుర్రకథ దళాల్లో ఊరూరా తిరిగిన మోటూరి ఉదయం, కొండపల్లి కోటేశ్వరమ్మ ఒక తీరు. కిలాషాపూర్ దూడల సాలమ్మ ఇంకో తీరు. హైదరాబాద్ నగరంలో ఉర్దూ ఇళ్లలో పెరిగిన జమాలున్నిసా బాజీ, రజియా బేగం వేరే తీరు. తెలుగు డీటీపీ ఇంకా రాని రోజులు, దిద్దుబాట్లన్నీ చేతిరాతతోనే. టేపులోని మాటను కాగితం మీదికి దించడానికి గంట మాటకు నాలుగైదు గంటల పని పడుతుంది. టేపు వెనక్కి తిప్పి, మళ్లీ విని, తెలియని పదం దగ్గర ఆగాలి. పదిహేను మందికి పైగా స్త్రీల జీవితాలను ఈ రకంగా దించుతూ, ఎవరి పలుకు వారికి మిగల్చడం చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం.

పుస్తకాన్ని వరసగా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఈ కథనాలు ఒకదాన్నొకటి బలపరచవు, కొన్నిచోట్ల కాదంటాయి. దొరల ఇంట పుట్టి దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం పోరాటాన్ని చూసిన చూపు వేరు. నాలుగెకరాల కౌలు పంట కోసం నిలబడిన ఐలమ్మ చూపు వేరు. నగరంలో రహస్యంగా పనిచేసిన ప్రమీలాతాయి చూపు మరొకటి. పార్టీ తమకు ఆకాశమంత చోటిచ్చిందని అన్నవాళ్లే, పోరాటం విరమించాక ఇళ్లకు వెళ్లిపొమ్మన్నప్పుడు తమ కాళ్ల కింద నేల లేకుండా పోయిందని కూడా చెబుతారు. చివరి వ్యాసం ఈ రెండిటినీ పట్టుకుంటుంది. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఇన్నేళ్ల తరవాత కూడా వాళ్ల ముఖాల్లో వెలుగు ఎందుకు వస్తుంది? అంత వెలుగు చూసినవాళ్లు తరవాత ఎందుకు మరుగున పడ్డారు? పార్టీకి స్త్రీలు సమస్యగా ఎప్పుడు, ఎందుకు తోచారు? ఉద్యమాన్ని తక్కువ చేయకుండా, నాయకత్వాన్ని తిట్టకుండా, అడగవలసింది అడిగారు. ఆ సమతూకం మాటల నేర్పుతో వచ్చింది కాదు, చెప్పినవాళ్ల మీద గౌరవంతో వచ్చింది.

ప్రపంచంలో ఇలాంటి పని అదే కాలంలో ఇంకో చోట జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్త్రీల మాటలతో స్వెత్లానా అలెక్సియేవిచ్ చేసిన పుస్తకం 1985లో వచ్చింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. రెండు పుస్తకాలకూ మధ్య ఏడాదే తేడా. రెండూ అడిగింది ఒకటే: యుద్ధాన్ని ఆడవాళ్లు చెబితే ఎలా ఉంటుంది? అలెక్సియేవిచ్ వందల గొంతులను ఒక్కరే వాద్యబృందంలా కూర్చారు. గొంతులు చిన్న చిన్న ముక్కలుగా వచ్చి వెళ్తాయి. హైదరాబాద్ పుస్తకం తక్కువ మందిని తీసుకుని, ఒక్కొక్కరికి మొదలూ చివరా ఉన్న జీవితాన్ని ఇచ్చింది. నాకు రెండో పద్ధతి మీద మొగ్గు ఎక్కువ. ఇక్కడ మనిషి తన కథకు తానే యజమాని.

మళ్లీ మొదలుపెట్టిన చోటికే వద్దాం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లేడీస్ హాస్టళ్లలో ఇవాళ జనగామ, సూర్యాపేట, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలున్నారు. కోర్సు పూర్తి చేసి ఉద్యోగం తెచ్చుకోవాలని ఇల్లు వదిలి వచ్చారు. ఈ పుస్తకంలోని స్త్రీలు చాలామంది ఇల్లు వదిలిన వయసూ అదే, ఊళ్లూ అవే. దారులు వేరు. అయినా ఇల్లు వదిలిన ఆడపిల్లను ఊరు ఏమంటుంది, తోటివాళ్లు ఎలా చూస్తారు, తిరిగి వెళ్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఈ పేజీల్లో చదివితే వాళ్లకు కొత్తగా అనిపించవు.

పుస్తకం ముందు తెలుగులో వచ్చింది, ఇంగ్లీషులోకి 1989లో వెళ్లింది. ఢిల్లీలో కాళి ఫర్ విమెన్, లండన్‌లో జెడ్ బుక్స్ వేశాయి. ఈ వరస నాకు ముఖ్యం. ఎవరి చరిత్రో వాళ్ల చేతికి ముందు అందింది. ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలు తరవాత చదివాయి. పేరెక్కువగా ఇంగ్లీషు పుస్తకానికే వచ్చింది, కానీ ప్రాణం తెలుగు ప్రతిలోనే ఉంది. కలిసి పనిచేసే ఈ అలవాటు అక్కడితో ఆగలేదు. ఆడవాళ్ల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ 1991లో వచ్చింది. సూసీ తారు, కె. లలిత ఇద్దరూ కలిసి భారతీయ స్త్రీల రచనలను రెండు పెద్ద సంపుటాలుగా 1991లోనూ 1993లోనూ తెచ్చారు. కవయిత్రి ముద్దుపళనిని, ఆమె కావ్యాన్ని తిరిగి అచ్చువేసిన బెంగుళూరు నాగరత్నమ్మను ప్రపంచం ముందు నిలబెట్టింది ఆ సంపుటాలే. ఒక పుస్తకాన్ని కలిసి ముగించగలిగినవాళ్లకే ఇంకోటి కలిసి మొదలుపెట్టే ధైర్యం ఉంటుంది.

ఒక వెలితి చెప్పాలి. కులం ప్రస్తావన ఈ కథనాల్లో ఉన్నంత బలంగా వ్యాసాల్లో లేదు. పుస్తకంలో ఐలమ్మ ‘చిట్యాల ఐలమ్మ’. ఇవాళ జనం ఆమెను చాకలి ఐలమ్మ అని గర్వంగా పిలుచుకుంటున్నారు. ఆ గర్వం వెనక ఉన్న ప్రశ్నలు 1986 తరవాత బహుజన, దళిత రచయితలు లేవనెత్తినవి. 2003లో గోగు శ్యామల తెచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ను దీని పక్కన పెట్టుకుని చదివితే ఈ ఖాళీ చాలావరకు పూడుతుంది.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది, పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. కోటేశ్వరమ్మ తన జీవితాన్ని ‘నిర్జన వారధి’గా 2012లో తానే రాసుకుని, 2018లో వెళ్లిపోయారు. జమాలున్నిసా బాజీ 2016లో, మల్లు స్వరాజ్యం 2022లో పోయారు. ఇంకో పదేళ్లు ఆలస్యమై ఉంటే ఈ గొంతుల్లో కొన్ని దొరికేవే కావు. ఇప్పుడు ఎవరైనా ఇద్దరో ముగ్గురో కలిసి ఇలాంటి పని తలపెడితే, ముందు ఈ పుస్తకం ఎలా కట్టారో చూడమని చెబుతాను.

చదవాలనుకునే వారికి ఒక మాట. ముందుమాటతో మొదలుపెట్టకండి. ముందు కమలమ్మను చదవండి, తరవాత ఐలమ్మను, ఆ తరవాత జమాలున్నిసా బాజీని. అప్పుడు చివరి వ్యాసానికి వెళ్లండి. తెలుగు ప్రతే చదవండి. కొట్లో దొరకకపోతే హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌ను అడగండి, మీ ఊరి గ్రంథాలయంలో లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వండి.