చచ్చిన బర్రెకు పాలెక్కువ

1983లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం మద్యం టోకు వ్యాపారం కోసం చెన్నైలో టాస్మాక్‌ను పెట్టింది. అదే ఏడాది స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో పోర్ట్ ఎలెన్ విస్కీ డిస్టిలరీకి తాళం పడింది. ఇక్కడ అమ్మకానికి కొత్త తలుపు తెరిచారు, అక్కడ సరుకు అమ్ముడుపోక మూశారు.

పోర్ట్ ఎలెన్ 1825 నాటిది. మరుసటి ఏడాదే ఆంగస్ మెక్‌డోవెల్ అనే స్కాట్లాండ్ వాడు మన మద్రాసులో కొట్టు పెట్టాడు. ఆ కంపెనీ 1951లో విఠల్ మాల్యా చేతికి వచ్చింది. అప్పుడు మద్రాసులో మద్యనిషేధం. అందుకేనేమో, వాళ్ళ తొలి డిస్టిలరీ 1959లో కేరళలోని చేర్తలలో లేచింది. ఇప్పుడు మెక్‌డోవెల్స్‌కీ, పోర్ట్ ఎలెన్‌కీ యజమాని ఒకరే, డియాజియో.

నాకు తాగే అలవాటు లేదు గానీ ఆ పని తీరు మీద మోజుంది. మొలకెత్తించిన బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు. పీట్ అంటే చిత్తడి నేలలో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచూ గడ్డీ. తవ్వి ఎండబెడితే పిడకలా రాజుకుంటుంది. ఆ పొగ వాసన బట్టీ దాటి సీసా దాకా వస్తుంది. తర్వాతి పనంతా ఓక్ పీపాదే.

నడిచినన్నాళ్ళూ పోర్ట్ ఎలెన్ సరుకు చాలావరకు వేరే విస్కీల్లో కలిసిపోయేది. పేరు మూతపడ్డాకే వచ్చింది. మిగిలిన పీపాలు ఏటేటా ముదిరాయి, తరిగాయి. 2001 నుంచి ఏడాదికోసారి కొన్ని సీసాలే వదులుతుంటే ధర ఆకాశాన్నంటింది. అందులో రుచి పాలెంత, కరువు పాలెంత? కరువు పాలే ఎక్కువని నా అనుమానం.

చలి పాలూ తక్కువేం కాదు. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో 10 శాతం పైమాటే. మరి మే నెల చెన్నైలోనో! మన దగ్గర డిస్టిలరీ మూసి పీపాలను ఇరవై ఏళ్ళు వదిలేస్తే చివరికి చెక్కే మిగులుతుంది. పైగా ఇక్కడి చవక విస్కీకి మూలం బార్లీ కాదు, చెరకు మడ్డి. దాన్ని ఏళ్ళతరబడి దాచే ఓపిక ఎవరికుంది?

2024లో పోర్ట్ ఎలెన్‌ను మళ్ళీ తెరిచారు. పాత నమూనాలు చూసి కొత్త రాగి బట్టీలు చేయించారు. ఈ హడావుడిలో ఎవరూ తలవనిది పక్కనున్న మాల్టింగ్ కర్మాగారం. 1973లో కట్టారు. డిస్టిలరీ మూసినా అది ఆగలేదు. ఇన్నేళ్ళూ దీవిలోని మిగతా డిస్టిలరీలకు పొగపట్టిన బార్లీ పంపుతూనే వచ్చింది. దాని పేరున వేలంపాటలు లేవు.