ఎవరికి తెలుసు? - దమియాని తీసిన ఒక వెస్టర్న్ గురించి

స్పఘెట్టీ వెస్టర్న్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సెర్జియో లియోనె, క్లింట్ ఈస్ట్‌వుడ్ నోట్లో చుట్ట, వెనక ఎన్నియో మోరికోనె ఈల. 1971లో మన ‘మోసగాళ్ళకు మోసగాడు’ కూడా ఆ దారి పట్టుకునే వచ్చింది. గుర్రాలు, టోపీలు, నిధి వేట మనదాకా వచ్చాయి గానీ, అదే ఇటలీలో అదే రోజుల్లో పుట్టిన ఇంకో రకం వెస్టర్న్ రాలేదు. మెక్సికో విప్లవం నేపథ్యంలో భూమి గురించీ, అమెరికా గురించీ మాట్లాడే ఆ సినిమాలని అభిమానులు ‘జపాటా వెస్టర్న్’లంటారు. వాటికి దారి వేసినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది 1966లో దమియానో దమియాని తీసిన ‘కియేన్ సాబే?’. స్పానిష్‌లో ‘ఎవరికి తెలుసు?’ అని అర్థం. ఇంగ్లీషులో దీన్ని ‘ఎ బులెట్ ఫర్ ది జనరల్’గా మార్చారు. ప్రశ్న పోయి తూటా మిగిలింది. ఈ సినిమా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడటం కుదరదు, చెప్పేస్తాను. ఎల్ చుంచో అనే బందిపోటు సైన్యం దగ్గర తుపాకులు దోచి, విప్లవకారుడైన జనరల్ ఎలియాస్‌కి అమ్ముతుంటాడు. ఇస్తుంటాడు కాదు, అమ్ముతుంటాడు. ఒక రైలు దోపిడీలో వాళ్ళకి బిల్ టేట్ అనే అమెరికన్ కుర్రాడు తగులుతాడు. తెల్లటి దుస్తులు, నున్నటి మొహం, ఆడవాళ్ళ మీదా తాగుడు మీదా ఆసక్తి లేదు. తనే చేతులకి బేడీలు తగిలించుకుని, ఖైదీనని నమ్మించి ముఠాలో చేరతాడు. చుంచో వాణ్ణి ముద్దుగా ‘నీన్యో’ అంటాడు, అంటే పిల్లాడని. ఆ పిల్లాడి పెట్టెలో ఒక బంగారు తూటా ఉంది. అది జనరల్ కోసం.

చుంచోగా జాన్ మరియా వొలొంతె. లియోనె మొదటి రెండు డాలర్ల సినిమాల్లో విలన్‌గా మనం చూసినవాడే. బిల్‌గా లూ కాస్తెల్. సంభాషణలు ఫ్రాంకో సొలీనాస్‌వి. ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ రాసిన సొలీనాసే. ఆ పేరు కనపడగానే ఈ సినిమాని ఇష్టపడేవాళ్ళ చర్చ ఒకే గాడిలో పడుతుంది: బిల్ అంటే సిఐఏ. 1954లో గ్వాటెమాలా, 1961లో క్యూబా, 1965లో డొమినికన్ రిపబ్లిక్. ఇవన్నీ చూసిన ఇటాలియన్ వామపక్షం వాటిని 1910ల మెక్సికోలోకి తీసుకెళ్ళి చూపించిందని.

తప్పని అనను. కానీ ఆ తాళంచెవితో తలుపు మరీ తేలిగ్గా తెరుచుకుంటుంది. కథలో బిల్‌కి డబ్బిచ్చేది వాషింగ్టన్ కాదు, మెక్సికో ప్రభుత్వమే. వాడికి ఏ సిద్ధాంతమూ లేదు. చుంచోని మోసం చేస్తున్నానని కూడా వాడు అనుకోడు, వాడి దృష్టిలో ఇద్దరూ వ్యాపారస్తులే. ఆ మాటలో నిజం ఉంది కూడా. అందుకే ఈ సినిమా రాజకీయం బిల్ ఎవరికి గుర్తు అన్న దాంట్లో కాకుండా, చుంచో ఏ క్షణంలో వాడి నుంచి విడిపోయాడన్న దాంట్లో ఉందని నాకనిపిస్తుంది.

మధ్యలో సాన్ మిగేల్ అనే ఊరొస్తుంది. జనం భూస్వామి దోన్ ఫెలిపె మీద తిరగబడతారు. నేను డబ్బున్నవాణ్ణని చంపుతున్నారా అని అతను అడుగుతాడు. కాదు, మేం పేదవాళ్ళం గనక, మమ్మల్ని అలాగే ఉంచడానికి నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు గనక, అని జవాబు. ఎంత బాగున్నా అది రాసుకొచ్చిన మాట. చుంచో మాత్రం ఆ ఊళ్ళో మొదటిసారి ఒక పనికొచ్చే మనిషవుతాడు. ఊరివాళ్ళకి తుపాకీ పట్టడం నేర్పుతూ అక్కడే ఉండిపోదామనుకుంటాడు. కానీ ముఠా ఆయుధాలతో వెళ్ళిపోతుంది. మెషిన్ గన్ వెనక్కి తెస్తానని వంక పెట్టి చుంచో కూడా వెళ్తాడు. మళ్ళీ రాడు. తుపాకులమ్మిన డబ్బు చేతికొచ్చాక జనరల్ ఎలియాస్ దగ్గర తెలుస్తుంది, సాన్ మిగేల్‌లో జనాన్ని ఊచకోత కోశారని.

అప్పుడు చుంచో ఏం చేస్తాడంటే, తనకి మరణశిక్ష తగినదేనని ఒప్పుకుంటాడు. వాదించడు, పారిపోడు. వొలొంతె అప్పటిదాకా అరిచి, నవ్వి, గంతులేసిన శరీరాన్ని ఒక్కసారిగా దించేస్తాడు. క్లౌస్ కిన్‌స్కీ వేసిన ఎల్ సాంతో అతని తమ్ముడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాన గ్రెనేడ్లు విసిరే పిచ్చి భక్తుడు. విప్లవాన్ని నిజంగా నమ్మింది ఆ ముఠాలో బహుశా వాడొక్కడే. అన్నని కాల్చే పని వాడే తీసుకుంటాడు. ఆ సమయానికి బిల్ దూరం నుంచి రెండు తూటాలు పేలుస్తాడు. ఒకటి సాంతోకి, బంగారుది జనరల్‌కి. చుంచో బతుకుతాడు, ఇష్టం లేకుండా.

ఇక సియుదాద్ వారెస్. చుంచో బిల్‌ని చంపడానికే వస్తాడు. బిల్ అతని కోసం ఎదురుచూస్తూ ఉంటాడు, లక్ష పెసోల్లో సగం వాటా చేతిలో పెట్టడానికి. అడగని వాటా! బిల్ దొంగ స్నేహితుడైతే ఈ సినిమా మామూలు పగ కథయ్యేది. వాడి స్నేహం నిజం కావడమే చిక్కు. కొత్త సూటు, క్షవరం, మంచి భోజనం. మర్నాడు ఇద్దరూ అమెరికా రైలెక్కాలి. స్టేషన్లో టికెట్ల కోసం మెక్సికన్లు వరసలో నిలబడి ఉంటారు. బిల్ వాళ్ళని దాటుకుని నేరుగా ముందుకెళ్ళిపోతాడు. చుంచో అది చూస్తాడు.

అంతే. ఊచకోత చెయ్యలేనిది, తమ్ముడి చావు చెయ్యలేనిది, ఆ క్యూ చేసింది. వాటా పంచే మనిషే వరసలో నిలబడడు, ఎందుకంటే ఆ వరసలో ఉన్నవాళ్ళు అతనికి కనపడరు. నిన్నటిదాకా చుంచో అందులోవాడే. నన్నెందుకు చంపుతున్నావని బిల్ అడిగితే అతని దగ్గరున్న జవాబు ‘కియేన్ సాబే?’. తెలియదని కాదు. తెలిసింది గానీ మాట ఇంకా రాలేదు. దోన్ ఫెలిపెకి అంత చక్కటి జవాబు రాసిన సొలీనాస్ ఇక్కడ చుంచోకి ఏ వాక్యమూ ఇవ్వకపోవడం నాకు సినిమాలోకెల్లా గొప్ప నిర్ణయమనిపిస్తుంది. ఆ తర్వాత అక్కడున్న ఒక పేదవాడికి డబ్బిచ్చి రొట్టె కాదు డైనమైట్ కొనుక్కోమని కేకేయడం చాలామందికి ఇష్టం. నాకు ఆ కేక లేకపోయినా సరిపోయేది.

సొలీనాస్ రాసిన ‘కెమాదా’ (1969) గుర్తు చేసుకోండి. అందులో మార్లన్ బ్రాండో ఓడరేవులో, వెళ్ళిపోబోతూ, సామాను మోస్తానని వచ్చినవాడి చేతిలో కత్తిపోటు తింటాడు. ఇక్కడ రైల్వే స్టేషను. రెండు చోట్లా వచ్చినవాడు ఊరికే తిరిగి వెళ్ళిపోలేడు. సామ్రాజ్యవాదం గురించి సొలీనాస్‌కున్న కోపం అంతా ఆ ‘వెళ్ళిపోవడం’ మీదే అనిపిస్తుంది.

లోపాల్లేవని కాదు. పదిహేనేళ్ళప్పుడు తనని చెరిచినప్పుడు ఎవరూ అడ్డు రాలేదని అడెలీతా (మార్టీన్ బెస్విక్) అంటుంది. భూస్వామి భార్యని బిల్ కాపాడుతున్నప్పుడు వచ్చే మాట అది. క్యూ దృశ్యానికి తగ్గ బరువు దానికుంది. కానీ సినిమా ఆ మాట విని ముందుకెళ్ళిపోతుంది, ఆ మనిషిని కూడా తర్వాత వదిలేస్తుంది. జనరల్ ఎలియాస్ ఒక మంచి మొహం, అంతకు మించి ఏమీ కాదు. మెక్సికో రైతుల తిరుగుబాటుని తీసింది స్పెయిన్‌లో, అల్మేరియా ఎండలో, ఫ్రాంకో నియంతృత్వం కింద అన్నది ఇంకో సంగతి.

ఇది అసలు వెస్టర్నే కాదని దమియాని అనేవాడు. ఆ తగువు అభిమానుల మధ్య ఇప్పటికీ నడుస్తోంది. నాకు పెద్ద పట్టింపు లేదు. వెస్టర్న్‌లో చివరి ద్వంద్వయుద్ధం ఎవరి చెయ్యి వేగమో తేలుస్తుంది. ఇందులో బిల్ తుపాకీకి చెయ్యి కూడా వెయ్యడు. టికెట్టు కొనడం తప్ప ఏం తప్పు చేశాడో వాడికి చివరిదాకా అర్థం కాదు.