మందు నూరడం కన్నా ఆరబెట్టడమే గొప్ప

రామగుండం ఎన్టీపీసీలో బొగ్గును గడ్డలుగా మండించరు. మిల్లుల్లో పిండి చేసి, గాలితో బాయిలర్లోకి ఊదుతారు. అందులో ఎక్కువ భాగం 75 మైక్రాన్ల జల్లెడ దాటిపోయేంత మెత్తన. పొడి మెత్తనయ్యేకొద్దీ ఉపరితలం పెరిగి నిప్పు చప్పున అందుకుంటుంది. నీళ్లలో సరిగా కరగని మందులకూ ఇదే సూత్రం: ఉపరితలం పెరిగితే త్వరగా కరుగుతాయి. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 200 నానోమీటర్ల ముక్కలు చేస్తే 30 చదరపు మీటర్లు!

మందును ఇంత మెత్తగా నూరే పని బీడ్ మిల్లు ఆపరేటర్లది. మందు, నీళ్లు, సన్నటి జిర్కోనియా పూసలు గంటల తరబడి తిరుగుతాయి. వేడెక్కకుండా మిల్లు చుట్టూ చల్లనీళ్లు పారిస్తారు. రేణువులు మళ్లీ అతుక్కోకుండా హెచ్‌పీఎంసీ లాంటి పాలిమర్ కలుపుతారు.

అసలు నేర్పు ఆ తర్వాత. జాలీ పూసల్ని ఆపితే పాలలాంటి ద్రవం దిగుతుంది. ఊరికే ఆరబెడితే గడ్డకట్టి, పడ్డ శ్రమంతా వృథా. అందుకే మానిటాల్ లాంటి చక్కెర ఆల్కహాల్ కలిపి స్ప్రే డ్రయ్యర్‌లో ఆరబెడతారు. ఆ పొడిని మళ్లీ నీళ్లలో వేసి, రేణువు పాత సైజుకే వచ్చిందో లేదో కొలుస్తారు. వస్తేనే బ్యాచ్ పాసైనట్టు.

ఫలితం? కొవ్వు తగ్గించే ఫెనోఫైబ్రేట్ కాస్త ముతకైన మైక్రో రకం 200 మిల్లీగ్రాములు చేసే పనిని ఇలా నూరిన నానో రకం 145తోనే చేస్తుంది. మైక్రో రకం తిండితోనే వేసుకోవాలి. నానో రకానికి ఆ పట్టింపు లేదు. షిఫ్టులు మారుతూ వేళకు తినలేని గోదావరిఖని కార్మికుడికి ఇది చిన్న మేలేం కాదు.