రహీం సాబ్ పెట్టిన షరతులు

డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఎవరైనా ఫుట్‌బాల్ టోర్నమెంటు పెడతారా? హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం పెట్టారు. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ కూడా పెట్టారు. ఆయన వృత్తికి బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుంటూ ఆడినవారు. 1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్.

బంతిని కాళ్ల దగ్గర అట్టే పెట్టుకోవడానికి వీల్లేదంటే ఏమవుతుంది? అది తన దాకా రాకముందే ఎవరికివ్వాలో చూసి పెట్టుకోవాలి. ఇవ్వడానికి దారి దొరకాలంటే తక్కినవాళ్లు గుంజల్లా నిలబడితే కుదరదు, ఖాళీ చూసుకుని కదులుతూనే ఉండాలి. షరతు బంతి ఉన్నవాడికి, పాఠం లేనివాళ్లకి! రెండో పోటీ కిటుకూ ఇలాంటిదే. కుడికాలి వాటమున్న కుర్రాడు ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకునేలోగా ఎదుటి బ్యాక్ మీద పడిపోతాడు. ఎడమకాలూ పనిచేస్తే ఆ మార్చుకోవడమే ఉండదు. ఉపన్యాసం దంచకుండా ఆట నియమంతోనే నేర్పించడం, నన్నడిగితే, ఆయన గెలిచిన కప్పులకన్నా పెద్ద పని.

కప్పులకూ కొదవలేదు. 1950లో బొంబాయి రోవర్స్ కప్పు ఫైనల్లో సిటీ పోలీసులు బెంగళూరు ఆర్యన్ జింఖానాను ఓడించారు. బెంగళూరువాళ్లేం తక్కువవాళ్లు కారు. అక్కడి దండులోనూ, పక్కనే కోలారు బంగారు గనుల్లోనూ దొరల వెంట వచ్చిన ఆటను మనవాళ్లు సొంతం చేసుకున్నారు. 1937లో రోవర్స్ గెలిచి బ్రిటిష్ పల్టన్ల పెత్తనానికి గండికొట్టింది బెంగళూరు ముస్లిమ్స్ జట్టే. పదేళ్లుగా ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు ఢిల్లీలో మళ్లీ మొదలైందీ 1950లోనే. అక్కడ మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పూ పోలీసులే పట్టుకెళ్లారు. రోవర్స్‌నైతే 1954 దాకా, వరసగా ఐదేళ్లు, ఎవరికీ వదల్లేదు.

దేశం జట్టునూ రహీం చేతిలోనే పెట్టారు. 1951లో ఢిల్లీ ఏషియాడ్ స్వర్ణం వచ్చింది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో, చాలామంది ఒట్టికాళ్లతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయ్యారు. బూట్లు తప్పనిసరి అయింది ఆ తర్వాతే. సిటీ పోలీసుల అజీజ్, నూర్ మహమ్మద్ హెల్సింకిలోనూ ఉన్నారు, భారత్ నాలుగో స్థానంలో నిలిచిన 1956 మెల్‌బోర్న్‌లోనూ ఉన్నారు. 1962 జకార్తా ఏషియాడ్ స్వర్ణం కథ ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు తెలుసు కనుక సాగదీయను. ఒక్కటి మాత్రం చెప్పాలి. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే.

అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న పోయారు. ఆటగాళ్ల వలస అంతకుముందే మొదలైంది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లిపోయాడు. కలకత్తా క్లబ్బులు ఆటగాళ్లను తీసుకుపోగలవు గానీ, వాళ్లను తయారుచేసిన పోటీలను తీసుకుపోలేవు కదా! వాటిని ఇక్కడే నిలబెట్టుకోవాల్సింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత అది మళ్లీ ఇటు రాలేదు.