చెల్కలో పంట, చేతిలో కెమెరా

హైదరాబాద్ నుంచి ముంబై వైపు వెళ్లే జాతీయ రహదారి మీద తెలంగాణ చివరి ఊళ్లలో చిరాగ్‌పల్లి ఒకటి. సరిహద్దు దాటితే కర్ణాటక. రోడ్డుకు అటూ ఇటూ ఎర్రచెల్కలు, మధ్యమధ్య నల్లరేగడి, నీళ్లున్నచోట చెరుకు, అల్లం. జహీరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి పల్లెల్లో ఒక తరం ఆడవాళ్లు పొద్దున కూలికి పోయి, సొంత ఎకరమో అరెకరమో సాగు చేసి, ఇంటికొచ్చి రొట్టెలు కొట్టి, ఆ పైన విత్తనాలు కాపాడారు, పాటలు కట్టారు, సినిమాలు తీశారు, రేడియో నడిపారు. ఎక్కువమంది దళిత స్త్రీలు. చాలామంది బడి మెట్లెక్కనివాళ్లు.

ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ రాయాలని, పాడాలని, బొమ్మలు వేయాలని ఆశపడే ప్రతి ఒక్కరినీ వేధించే ప్రశ్న ఒకటే: టైమెక్కడిది? దానికి మనం సాధారణంగా చెప్పుకొనే జవాబులన్నీ ఒంటరి మనిషికి చెప్పే జవాబులు. నాలుగింటికి లేవండి, ఫోన్ పక్కన పెట్టండి, రోజుకో పేజీ రాయండి. జహీరాబాద్ ఆడవాళ్ల జవాబు వేరు. తీరిక ఒక్కరికి దొరకదని, నలుగురు కలిసి దాన్ని తయారు చేసుకోవాలని వాళ్లు చేసి చూపించారు. దీన్ని ఒక సంప్రదాయంగా, దాని మెలకువలతో సహా, నేర్చుకోవాలని నా నమ్మకం.

ఆ మెలకువలన్నీ చేనులో మొదలవుతాయి. ఎర్రచెల్కలో వానకాలం పంటంటే ఒక్క పంట కాదు. కొన్ని సాళ్ల జొన్న తర్వాత ఒక సాలు కంది. నడుమ పెసర, మినుము, బొబ్బర. ఇంకో చెక్కలో కొర్ర, సామ, తైదలు. గట్ల వెంట పుంటికూర. ఏది ముందు కోతకొస్తుందో, ఏది వాన తగ్గినా నిలబడుతుందో, ఏ మొక్క నీడ ఏ మొక్కకు పడకూడదో లెక్క ఉంటుంది. పెసర త్వరగా ఇంటికొస్తుంది. జొన్న ఆ తర్వాత. కంది లోతుకు వేరు దించి, అన్నీ కోసేశాక నింపాదిగా పూతకొస్తుంది. కాయజాతి మొక్కల వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి, పక్కన జొన్నకు అది బలం. ఒక పంట పోతే ఇంకోటి కాపాడుతుంది. యాసంగిలో నల్లరేగడి మీద తెల్లజొన్న, శనగ, కుసుమ వేస్తారు. నీళ్లు పెట్టరు, నేలలో మిగిలిన తేమ, మంచు చాలు. వీటిని ఇక్కడ సత్యం పంటలంటారు. ఇవి గాక ఎవరూ విత్తకుండా చేనులో మొలిచే ఆకుకూరలు ఉన్నాయి, జొన్నచెంచలి, గునుగు లాంటివి. బయటి కంటికి అది కలుపు. వాళ్లకు అది ఆ పూట కూర.

విత్తనం ఏరడం దగ్గరికి వస్తే ఇది సాగా, కళా అని విడదీయడం కష్టం. కోతకు ముందే చేను నడిచి చూస్తారు. నిండుగా గింజ పట్టిన కంకులు, తెగులు సోకనివి, ఆ రకం రంగు, ఆకారం సరిగ్గా ఉన్నవి విడిగా తీస్తారు. బాగా ఎండబెట్టి, చాటతో చెరిగి, తాలు పోగొట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, పేడతో అలికిన గంపల్లో పోసి, మూతి మెత్తేస్తారు. ఏది ఎంత ఎండాలో చేత్తో పట్టుకుని, పంటితో కొరికి చెబుతారు. ఇరుగుపొరుగుకు విత్తనం అమ్మరు. ఈ ఏడు ఇస్తారు, పంటొచ్చాక తీసుకున్నవాళ్లు అంతకు మించి కొలిచి తిరిగి ఇస్తారు. అప్పు తీరుతుంది, విత్తనమూ ఊళ్లో ఇంకో గంపలోకి చేరుతుంది. ఒక ఇంట్లో పురుగు పట్టినా రకం చావదు. ఇంత చూపు, ఇంత ఓపిక, ఇంత జ్ఞాపకం ఉన్న మనిషి చేతికి కెమెరా ఇస్తే ఏమవుతుందన్నదే తర్వాతి కథ.

ఆ కెమెరా తొందరపడి రాలేదు. దాన్ని తెచ్చిన సంస్థ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైంది. ఆ సంస్థను స్థాపించినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీశ్, మైసూరులో పుట్టి దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. టీవీ పని బాగా తెలిసినవాడే. అయినా మొదట కెమెరాలు పంచలేదు. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి, సుమారు 75 ఊళ్లకు, అయిదు వేల మంది సభ్యులకు పెరిగాయి. పడావు పడ్డ చెల్కలను సాగులోకి తెచ్చారు. పనికి వెళ్లే తల్లుల పిల్లల కోసం బాల్వాడీలు పెట్టారు. 1990ల మధ్యలో ఊళ్లోనే జొన్నలు నిలవ చేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ పద్ధతి నడిపారు. మాచ్‌నూరులో పిల్లల కోసం పచ్చసాలె అనే బడి వచ్చింది. ఆడవాళ్లు వీడియో నేర్చుకోవడం 1996లో మొదలైంది. అంటే సంస్థ పుట్టిన 13 ఏళ్లకు. ఇంట్లో గింజ, పిల్లకు బాల్వాడీ, ఆ తర్వాత కెమెరా. ఈ వరుసలోనే వాళ్ల పద్ధతి గుట్టంతా ఉందని నాకనిపిస్తుంది.

అక్షరాలు రానివాళ్లకు కెమెరా నేర్పడం ఎలా అని అప్పట్లో సందేహపడ్డవాళ్లు ఉండే ఉంటారు. బొమ్మకు అక్షరం అడ్డం రాదు. ఏ మీట ఏ పని చేస్తుందో గుర్తుల ద్వారా పట్టేశారు. కెమెరా ఎత్తును మాత్రం పుస్తకాల భాషలో కాకుండా తమ బతుకులోంచి అర్థం చేసుకున్నారు. పైనుంచి కిందికి మనిషిని చూపేది పటేల్ షాట్, గడీ అరుగు మీది దొర వాకిట్లో నిలబడ్డవాళ్లను చూసినట్టు. కిందనుంచి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమంగా కెమెరా పెడితే అది సంఘం షాట్, అందరూ ఒకే చాప మీద గుండ్రంగా కూర్చున్నప్పటి చూపు. తమ సినిమాల్లో వాళ్లకు కావలసింది ఈ మూడోదే. సినిమా బళ్లో ఏళ్ల తరబడి చెప్పే పాఠం ఇది: కెమెరా ఎక్కడ పెట్టామన్నది సాంకేతిక విషయం కాదు, ఎవరి పక్షాన నిలబడ్డామన్నది. వీళ్లకది ముందే తెలుసు. చేతికి పరికరం రావడమే ఆలస్యమైంది.

ఆ పరికరంతో వాళ్లు చేసిన పెద్ద పనుల్లో ఒకటి బీటీ పత్తి మీద సినిమా. జన్యుమార్పిడి చేసిన ఈ పత్తికి మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ ఏడే వరంగల్ ప్రాంతపు రైతులు వేశారు. జహీరాబాద్ ఆడవాళ్లు కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్లారు, ఒక్కసారి కాదు, కాలమంతా మళ్లీ మళ్లీ. విత్తనం కొన్నప్పటి ఆశ, కాయ కాసే వేళ అనుమానం, పత్తి ఏరాక మిగిలిన లెక్క, అన్నీ అవే రైతుల నోటి నుంచి రికార్డు చేశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకొచ్చిందని అడిగే ఆ సినిమా 2003లో వచ్చింది. ఆ తర్వాత ఇదే విషయం మీద ఇతర దేశాలకూ, మాలీ, దక్షిణాఫ్రికా, ఇండొనేసియా, థాయ్‌లాండ్‌లకు, వెళ్లి తీశారు. ఆ సినిమాలు తీసిన హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటివాళ్ల పేర్లు దేశం దాటి వినిపించాయి. విలేకరి అయితే ఒకరోజు వచ్చి, మాట తీసుకుని, వెళ్లిపోతాడు. వీళ్లు పంట కాలాన్ని బట్టి సినిమా తీశారు. ఎప్పుడు వెళ్తే ఏం కనబడుతుందో రైతుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇక్కడ కూలి పని సినిమాకు అడ్డం రాలేదు, సినిమాకు కావలసిన తెలివి అందులోంచే వచ్చింది.

రేడియో కథలో ఓపిక ఇంకా ఎక్కువ. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ ధర్మాసనంలో ఉన్నారు. తీర్పు వచ్చినంత మాత్రాన పల్లె ఆడవాళ్ల చేతికి రేడియో రాలేదు. యునెస్కో సాయంతో మాచ్‌నూరులో స్టూడియో సిద్ధమైంది గాని లైసెన్సు లేదు. అయినా రికార్డు చేయడం మానలేదు. క్యాసెట్లు సంఘాలకు తీసుకుపోయి, అందరూ కూడిన చోట వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడిపే అవకాశమిచ్చే విధానం 2006లో గాని రాలేదు. చివరికి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. ఐక్యరాజ్యసమితి గ్రామీణ మహిళల దినాన్ని మొట్టమొదట జరిపిన రోజు కూడా అదే.

జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఈ రేడియోకు గొంతులుగా, చేతులుగా నిలబడ్డారు. ప్రసారానికి రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా సమయం ఎంచుకున్నారు. కూలి నుంచి వచ్చి, పొయ్యి రాజేసి, పిల్లలకు పెట్టి, కాస్త నడుం వాల్చే వేళ అది. చేసేవాళ్లదీ వినేవాళ్లదీ ఒకే దినచర్య గనుక ఆ వేళ తేల్చడానికి సర్వే అక్కర్లేదు. అందులో వచ్చే తెలుగులో ఉర్దూ ఉంటుంది, కన్నడం తొంగిచూస్తుంది, చిరాగ్‌పల్లిలో వినబడే మాటలాగే. పంటల సంగతులు, కాన్పు జాగ్రత్తల నుంచి ముసలమ్మల పాటల దాకా, తమకు తెలిసినదే కార్యక్రమం. విసిరేటప్పటి పాట, నాట్ల పాట, బతుకమ్మ పాట ఇప్పుడు రికార్డింగ్‌లో ఉన్నాయి. పిండిమర వచ్చాక విసుర్రాయి ఆగిపోయింది. ఆ పని ఆగితే ఆ పాటా ఆగాలి. కానీ ఆ పాట మైకు దగ్గర బతికింది.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పాలి. కొలువు చేస్తూ గొప్ప సాహిత్యం సృష్టించినవాళ్లు మనకు తక్కువ కాదు. కాళీపట్నం రామారావు విశాఖలో లెక్కల మాస్టారుగా ఉద్యోగం చేస్తూనే కథలు రాశారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. రావిశాస్త్రి కోర్టులో వకీలు, ఆ కోర్టు వరండాలోంచే ఆయన కథలకు మనుషులు వచ్చారు. వాళ్లంటే నాకు తీరని గౌరవం. కానీ ఆ తరం ఇళ్లలో వంట, పిల్లలు, ముసలివాళ్ల బాధ్యత సాధారణంగా ఆడవాళ్లదే. అదే ఇంటి ఆడమనిషి రాయాలంటే లెక్క మారిపోతుంది. స్త్రీ రాయాలంటే ఏడాదికి 500 పౌన్ల ఆదాయం, తలుపుకు గడియ ఉన్న సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో చెప్పింది. జహీరాబాద్ ఆడవాళ్లకు ఆ రెండూ లేవు. వాళ్లకు సంఘం దొరికింది. గింజల కొట్టు, బాల్వాడీ, సంఘం కూర్చునే అరుగు, ఇవన్నీ కలిసి వాళ్లకు ఆ గది అయ్యాయి. దానికి గడియ లేదు. పదిమంది వస్తారు, పదిమంది పని పంచుకుంటారు.

అందుకే వీళ్లను చూసి 'ఎంత కష్టజీవులో' అని మెచ్చుకుని వదిలేయడం నాకు నచ్చదు. కష్టం వాళ్లు ఎంచుకున్నది కాదు. ఎంచుకున్నది పొత్తు. మన ఊళ్లలో సాహిత్య సంస్థలు, నాటక సమాజాలు, చిత్రకారుల బృందాలు ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని తరచూ బాధపడతాయి. సభ సాయంత్రం ఆరింటికి పెడతారు. సరిగ్గా ఆ వేళకే బడి పిల్లలు ఆకలితో ఇంట్లో ఉంటారు. సభ జరిగే హాలు పక్క గదిలో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేసి, వేళను సభ్యుల ఇంటి పనిని బట్టి తేల్చితే ఎంతమంది రచయితలు బయటపడతారో!

ఈ పనులన్నీ ఒక్కచోట కలిసేది పాత పంటల జాతరలో. రెండు దశాబ్దాలకు పైగా సంక్రాంతికి మొదలై దాదాపు నెల పాటు ఊరూరా తిరిగే జాతర ఇది. ఎడ్లబండ్లకు రంగులు వేస్తారు, కంకులు, తోరణాలు కడతారు, గంపల్లో, కుండల్లో రకరకాల విత్తనాలు పేరుస్తారు. డప్పులు, కోలాటాలు, పాటలతో ఊళ్లోకి వస్తారు. ఆ ఊరి రైతులతో కూర్చుని పంటల సంగతులు మాట్లాడతారు. విత్తనం ఏరిన మనిషి దాన్ని అలంకరిస్తుంది, పాట కడుతుంది, ఇంకొకామె దాన్ని కెమెరాలో పట్టుకుంటుంది, మరొకామె రేడియోకు రికార్డు చేస్తుంది. ఏది వ్యవసాయం, ఏది కళ, ఏది ప్రచారం అని ఆ బండి దగ్గర ఎవరూ గీత గీయరు. 2019లో ఐరాస అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి వచ్చింది.

సతీశ్ 2023 మార్చి 19న కన్నుమూశారు. సంఘాల తొలి తరం అక్కలు ఇప్పుడు ముసలివాళ్లు. చెల్కల ధరలు పెరిగాయి, పరిశ్రమల కోసం భూములు పోతున్నాయి, నీళ్లున్నచోట చెరుకు విస్తరించింది. బడికి వెళ్లి చదువుకున్న కొత్త తరం ఆడపిల్లలకు ఫోన్‌లో వీడియో తీయడం, కూర్చడం ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్లకు ఇంకా రానిది కంకిని చూసి ఇది విత్తనానికి పనికొస్తుందని చెప్పగలిగే కన్ను. అది ఒక్క కాలంలో రాదు, పుస్తకంలో దొరకదు. కోతల ముందు, ఆ చూపున్న అవ్వ చేను నడుస్తున్నప్పుడు, పక్కన మనవరాలు ఫోన్‌తో ఉండాలి. ఆ కంకి ఎందుకు తీశావు, ఇది ఎందుకు వదిలావు అని అడుగుతూ, జవాబు రికార్డు చేస్తూ. ఈ పనికి ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని, వాళ్ల కూలి రోజు నష్టపోకుండా, ఇప్పుడే పెట్టుకోవాలి. వచ్చే యాసంగి దాకా ఆగవలసిన పని కాదు.