చావును రాశాం, చాకిరీని రాయలేదు

వ్యాధి సాహిత్యంలో వస్తువు కావడం కొత్త కాదు. ఒకప్పుడు క్షయ చేసిన పనిని కొన్ని దశాబ్దాలుగా మన కథల్లో, నవలల్లో, సినిమాల్లో కాన్సర్ చేస్తోంది. మొదట నాయకుడు దగ్గితే రుమాలు మీద రక్తం కనిపించేది. తర్వాత రిపోర్టు చూసిన డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలయింది. రోగం పేరు మారింది కాని కథలో దాని ఉద్యోగం మారలేదు. ప్రేమికులను విడదీయడం, త్యాగానికి సందర్భం కల్పించడం, పాఠకుడిచేత కన్నీరు పెట్టించడం - ఇదీ ఆ ఉద్యోగం.

దాసరి నారాయణరావు 'ప్రేమాభిషేకం' (1981)లో కాన్సర్ వచ్చిన నాయకుడు ప్రేయసి తనను అసహ్యించుకుని మరొకరిని పెళ్ళాడాలని చెడిపోయినవాడిలా నటిస్తాడు. మణిరత్నం 'గీతాంజలి' (1989)లో జబ్బు సంగతి తెలిసిన నాయకుడు ఇల్లు వదిలి ఊటీ వెళ్ళిపోతాడు. వీటి జనాదరణను నేను తప్పుపట్టడం లేదు. గమనించవలసింది మరొకటి. ఇల్లు వదిలిన రోగికి జావ కాచేవాళ్ళు అక్కరలేదు, పక్కగుడ్డలు మార్చేవాళ్ళు అక్కరలేదు. రోగిని ఇంటి నుంచి తప్పించగానే రోగం చుట్టూ ఉండే శ్రమ మొత్తం తెరమీద నుంచి తప్పుకుంటుంది. మిగిలేది ప్రేమ, మరణం మాత్రమే. ఈ రెండింటినీ రాయడం సులభం.

నా భార్యకు రొమ్ము కాన్సర్ వచ్చి, చికిత్స జరిగి, కోలుకుంటున్న కాలమంతా పక్కన ఉన్నవాణ్ణి గనుక ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాను. ఆ సంగతి పాఠకులకు చెప్పి ముందుకు సాగడం న్యాయం.

కాన్సర్ చికిత్స ఒక సంఘటన కాదు, ఒక కాలం. ఆపరేషన్ ఒక్కరోజు పని. కీమోథెరపీ చాలామందికి మూడువారాలకొకసారి చొప్పున నెలల తరబడి సాగుతుంది. మందు ఎక్కిన కొన్ని రోజులకు తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే తెల్లవారేదాకా ఆగకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. నోరు పూస్తుంది. ఏది తిన్నా ఇనుము నాకినట్టుంటుంది. మొన్న ఇష్టంగా తిన్న చారు ఇవాళ వాసనకే వాంతి తెప్పిస్తుంది. రేడియేషన్ ఉంటే వారానికి అయిదురోజుల చొప్పున కొన్ని వారాలు తిరగాలి. చంక కింది గ్రంథులు తీసినవాళ్ళలో కొందరికి ఆ చేయి వాస్తుంది. హార్మోన్ మాత్ర అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు. చికిత్స ముగిసిందని ఊరంతా అనుకున్న తర్వాత కూడా ప్రతి పరీక్షకు ముందు వారంరోజులు ఇంట్లో నిద్ర ఉండదు.

ఈ కాలమంతా ఎవరో ఒకరు థర్మామీటరు చూస్తారు, నీళ్ళు కాస్తారు, ఫైలులో కాగితాలు తేదీల వారీగా పేరుస్తారు, సెలవుచీటీలు రాస్తారు, బంధువులకు ఫోనులో అదే కథ ఇరవయ్యోసారి చెబుతారు. మన కథల్లో ఈ మనిషికి స్థానమేదీ?

ఇక్కడ మన అభ్యుదయ రచయితలను కూడా మినహాయించలేను. వాణిజ్య రచయిత రోగిని త్యాగానికి బలి ఇస్తే, మనం వ్యవస్థకు సాక్ష్యంగా బలి ఇచ్చాం. ఎకరం అమ్ముతారు, పుస్తెలు తాకట్టు పెడతారు, చివరి పేరాలో రోగి పోతాడు, అప్పు మిగులుతుంది. ఇందులో అబద్ధం లేదు. వైద్యం సరుకైపోయిందన్న సత్యాన్ని చెప్పవలసిందే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చి ఎన్నో పేద కుటుంబాలకు చికిత్స అందుబాటులోకి తెచ్చింది. కాని తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి సంగతి ఏమిటి? ఆసుపత్రి బిల్లును లెక్కగట్టిన మన కథ ఆ కూలిని లెక్కగట్టలేదు. శ్రమను గురించి ఇంత మాట్లాడే మనకు మంచం పక్కన జరిగే శ్రమ కనపడకపోవడం చిన్న లోపం కాదు.

దీనికి కారణం మన భాషలోనే ఉంది. ఆ పనిని మనం 'సేవ' అంటాం. సేవ అనగానే అది పుణ్యమవుతుంది. పుణ్యానికి పనిగంటలుండవు, అలసట ఉండదు, విసుగు అసలే ఉండకూడదు. నేను భార్యకు అన్నం కలిపిపెడుతున్నానని తెలిసి మా వీధిలో ఒక పెద్దావిడ, "నువ్వు అదృష్టవంతురాలివమ్మా, దేవుడులాంటి మొగుడు" అంది. నా భార్య మెల్లగా, "ఆయనకొచ్చి నేను చేస్తుంటే ఈ మాట ఆయనతో అనేదానివా పిన్నీ?" అని అడిగింది. విమర్శకుడిగా నేను చెప్పదలచుకున్న సగం విషయం ఆ ప్రశ్నలో ఉంది. ఒకే పని మగవాడు చేస్తే మహిమ, ఆడది చేస్తే ధర్మం. నిజానికి నేను బడికి పోయిన వేళల్లో ఆ పని చేసింది మా వదినగారు. ఆవిణ్ణి ఎవరూ దేవత అనలేదు.

'జానకి విముక్తి'లో రంగనాయకమ్మ ఇంటిపనిని చర్చకు పెట్టారు. విమల 'వంటిల్లు' కవిత వంటగదిని కవిత్వంలోకి తెచ్చింది. వంటిల్లు దాకా వచ్చిన ఆ చూపు రోగి పడుకున్న గదిలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

ప్రపంచ సాహిత్యంలో ఉదాహరణలు లేకపోలేదు. టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' (1886)లో గెరాసిమ్ అనే రైతుకుర్రాడు యజమాని మలమూత్రాలు ఎత్తుతాడు, నొప్పి తగ్గడానికి అతని కాళ్ళను తన భుజాల మీద మోస్తాడు. రోగికి అబద్ధం చెప్పనివాడు అతనొక్కడే. గొప్ప పాత్ర. అయినా ఒక ప్రశ్న అడగాలి. గెరాసిమ్ అలసిపోడేం? పనివాడి ఓపికకు అంతులేదని నమ్మడం టాల్‌స్టాయ్‌కి సులభమయింది. భార్య ప్రస్కోవ్యాను మాత్రం రోగి కంటితోనే చూపించాడు. ఆమె స్వార్థపరురాలే కావచ్చు, కాని ఆమె కంటితో ఆ ఇల్లు ఎలా ఉందో మనకు పెద్దగా తెలియదు.

సోల్జెనిత్సిన్ మన శిబిరంలో చాలామందికి నచ్చని రచయిత. అయినా 'కాన్సర్ వార్డు' నుంచి నేర్చుకోవలసింది ఉంది. కోస్తొగ్లోతొవ్ చావడు, ఆసుపత్రి నుంచి బయటికి వస్తాడు. బతికినందుకు శరీరం చెల్లించవలసిన మూల్యమేమిటన్నదే అక్కడ ప్రశ్న. కోలుకోవడం కూడా కథావస్తువేనని ఆ నవల రుజువు చేసింది. సూసన్ సాంటాగ్ 1978లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కాన్సర్‌ను రూపకంగా వాడడాన్ని ఖండించింది. రాజకీయోపన్యాసాల్లో అవినీతిని కాన్సర్‌తో పోల్చే మనవాళ్ళు ఆ వ్యాసం చదవాలి. రూపకం పోయాక మిగిలేది రోగి, మందు, పక్కనున్న మనిషి. మన పని అక్కడ మొదలవుతుంది.

రోజూ జావ కాచడంలో సంఘర్షణ ఎక్కడుంది, అది కథెలా అవుతుందని మిత్రులు అడగవచ్చు. సంఘర్షణ పుష్కలంగా ఉంది. రోగి మీద విసుగు వస్తుంది, ఆ విసుగు మీద సిగ్గు వస్తుంది. ఊడిన జుట్టు ఊడ్చి ఎత్తేటప్పుడు ఆమె చూడకుండా ఎత్తాలా, చూసినా ఫరవాలేదా అన్నది తేలదు. ఆపరేషన్ తర్వాత దంపతులు ఒకరినొకరు తాకడానికి జంకుతారు. కోలుకుంటున్న మనిషి తన బిందె తానే ఎత్తుతానంటే తోడున్నవాడు వద్దంటాడు. అది ప్రేమా, అధికారమా? చూసుకునేవాడికి పెత్తనం కూడా అలవాటవుతుంది. దాన్ని వదులుకోవడం కోలుకోవడంలో రెండో భాగం. అది రోగిది కాదు, తోడుది. ఇంతకంటె నాటకీయమైన వస్తువు ఏ ప్రేమకథలో ఉంది?

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలయింది. ఈ ఏడు దశాబ్దాల్లో అక్కడ వైద్యం చేయించుకుని ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళు, మళ్ళీ నాట్లకు వెళ్ళినవాళ్ళు, మళ్ళీ బడిలో పాఠం చెప్పినవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. మన కథల్లో మాత్రం వాళ్ళు అరుదు. అందువల్ల జరిగే నష్టం సాహిత్యానికి మాత్రమే కాదు. కాన్సర్ అంటే చావేనని కథల నుంచి, సినిమాల నుంచి నేర్చుకున్న మనిషి గడ్డ కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జంకుతాడు.

కొత్త రచయితలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కాన్సర్ కథ రాసేటప్పుడు రోగిని చంపకండి. ఆరో కీమో అయిపోయిన మరునాటి ఉదయం నుంచి మొదలుపెట్టండి. పొయ్యి ఎవరు వెలిగించారో, ఆ రోజు పనికి ఎవరు నాగా పెట్టారో రాయండి.